మా ఫ్యాన్సీ షాపు ర్యాకుల్లో ఏవి తీశాం, ఏవి ఉంచాం

కావలి ట్రంకు రోడ్డులో మా షాపుకొచ్చే వాళ్ళు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "ఏందక్కా, ఎడం పక్క ర్యాకు సగం ఖాళీగా ఉంది, షాపు ఎత్తేస్తున్నారా?" అని. ఎత్తేయడం లేదు. కొన్ని రకాల సరుకు ఆపేశాం, అంతే. ఎందుకు ఆపామో కౌంటరు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పడం కుదరడం లేదు. రద్దీలో సగం విని వెళ్ళినవాళ్ళేమో "షాంపూ వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఆ షాపావిడే చెప్పింది" అని ప్రచారం చేస్తున్నారట. నేను ఆ మాట అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ సంగతే తేల్చేద్దాం. ఫలానా సబ్బు వల్ల, ఫలానా క్రీము వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. పైబడే వయసు, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఆ జబ్బు ఉండటం, పుట్టుకతో వచ్చే కొన్ని జన్యువులు, నెలసరి ఆగిపోయాక పెరిగే బరువు, మద్యం, వీటి మీద ఉన్నంత గట్టి ఆధారం సౌందర్య సాధనాల మీద లేదు. మరెందుకు తీశావంటే, కొన్ని రసాయనాలు ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోనులాగా కొద్దోగొప్పో పనిచేస్తాయి. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ ఆసరాతో పెరిగేవే. అనుమానం అక్కడ పుట్టింది. ఆ రసాయనం లేకుండా అదే పని చేసే సరుకు అదే ధరకో, ఐదు పది రూపాయలు ఎక్కువకో దొరుకుతున్నప్పుడు, ఉన్నదాన్నే అమ్మి తీరాలని నాకేం మొక్కు లేదు.

ఎక్కువ మంది అడిగేది పారాబెన్ల గురించి. క్రీములు, షాంపూలు బూజు పట్టకుండా వేసే ప్రిజర్వేటివ్‌లు ఇవి. 2004లో ఇంగ్లండులోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకురాలు ఫిలిప్పా డార్బ్రె, ఆమె తోటివాళ్ళు రొమ్ము కణితుల్లో పారాబెన్లు ఉన్నట్టు చూపించారు. పారాబెన్ల వల్ల క్యాన్సర్ వస్తుందంటూ మన ఫోన్లలో తిరిగే మెసేజీలు చాలావాటికి మూలం అదే. అయితే వాళ్ళు చూసింది 20 కణితుల నమూనాలు. జబ్బు లేని వాళ్ళతో పోల్చలేదు. పారాబెన్ల వల్లే ఆ క్యాన్సర్ వచ్చిందని వాళ్ళూ అనలేదు. మెసేజీల్లో ఈ ముక్క మాత్రం ఉండదు. తర్వాత 2014లో యూరప్ దేశాల వాళ్ళు ఐదు రకాల పారాబెన్లను సౌందర్య సాధనాల్లో నిషేధించారు. ప్రొపైల్, బ్యూటైల్ రకాలు 0.14 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. మిథైల్, ఇథైల్ రకాలను వాడుకోనిచ్చారు.

నేను వాళ్ళకంటే ఒక అడుగు ముందుకేశాను. ప్రొపైల్ పారాబెన్, బ్యూటైల్ పారాబెన్ ఉన్న లోషన్లు, ఫేస్ క్రీములు, అంటే రాసుకుని కడిగేయకుండా వదిలేసేవి, ఇక తెప్పించను. ఒంటికి పట్టి రోజంతా ఉండేది అదే కదా. మిథైల్ ఒక్కటే ఉన్నవి మామూలుగానే ఉంటాయి. అన్నీ తీసేస్తే అమ్మడానికేం మిగలదు, తీసేయాల్సినంత కారణమూ నాకు కనపడలేదు.

మార్చడం వల్ల ఒరిగేదేమైనా ఉందా అని టీచరమ్మ ఒకరు గట్టిగా నిలదీశారు. ఉంది, కొంత. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం సలీనాస్ దగ్గర బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు 100 మంది ఆడపిల్లల చేత మూడు రోజులపాటు ఈ రసాయనాలు లేని షాంపూలు, సబ్బులు, మేకప్ సామాను వాడించారు. మూత్ర పరీక్షలో మిథైల్, ప్రొపైల్ పారాబెన్లు దాదాపు 45 శాతం తగ్గాయి. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పిల్లల్లోనే వేరే రెండు రకాల పారాబెన్లు కొద్దిగా పెరిగాయి కూడా. అంటే లేవని చెప్పిన సామానులోనూ ఎక్కడో ఉన్నాయన్నమాట. దీన్ని బట్టి క్యాన్సర్ తగ్గుతుందని చెప్పడానికి లేదు. ఇవి ఒంట్లో ఏళ్ళ తరబడి పేరుకుపోయే సరుకు కాదు, వాడకం ఆపితే రోజుల్లోనే తగ్గుతాయి, అంతవరకే దీన్నుంచి తెలిసేది. ఇన్నేళ్ళూ వాడేశామే అని టెన్షన్ పడుతున్న వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక కౌంటరు మీద తాడుకు కట్టిన భూతద్దం సంగతి. పిల్లకాయలు ఆడుకోవడానికి కాదది. సీసా వెనక్కి తిప్పి, దినుసుల పట్టీ చదువుకోవడానికి. మన దేశపు రూల్స్ ప్రకారం ఎక్కువ మోతాదులో వేసినవి ముందు రాయాలి, ఒక శాతంలోపు ఉన్నవి చివర్లో ఎలాగైనా రాసుకోవచ్చు. ప్రిజర్వేటివ్‌లు వేసేది చిటికెడే కాబట్టి పైనుంచి చదవకండి, కింది రెండు వరుసలు చూడండి. పారాబెన్ అనే తోకతో ఉండే పేర్లు అక్కడే కనపడతాయి. డీఎండీఎం హైడాంటాయిన్, ఇమిడజోలిడినైల్ యూరియా, క్వాటర్నియం-15 అనేవీ అక్కడే ఉంటాయి. ఇవి కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం వదిలేవి, దాని సంగతి కింద కెరాటిన్ దగ్గర చెబుతాను. చిన్న షాంపూ ప్యాకెట్ల మీద మాత్రం భూతద్దం పెట్టినా లాభం లేదు. దాని పెద్ద సీసా అడగండి, చూపిస్తాను, కొనక్కర్లేదు.

పట్టీలో అన్నిటికంటే చిక్కు తెచ్చేది ఫ్రాగ్రెన్స్ లేదా పర్ఫ్యూమ్ అనే ఒక్క మాట. దాని కింద పదుల రకాలు ఉండొచ్చు, విడివిడిగా రాయక్కర్లేదు. వాసన ఎక్కువసేపు నిలవడానికి వేసే థాలేట్లు, అంటే హార్మోన్ల పనికి అడ్డుపడతాయని అనుమానం ఉన్న రసాయనాలు కూడా అందులోనే కలిసిపోతాయి. అందుకని చంటిపిల్లలకు, గర్భిణులకు వాసన లేని రకం ఒకటి వేరేగా పెట్టాను. అది ఎవరూ కొనడం లేదు! మూత తీసి వాసన చూసి "ఇదేం సబ్బక్కా, ఏమీ రావట్లేదు" అని అక్కడే పెట్టేసి వెళ్తున్నారు.

బూజు పట్టేది నీళ్ళున్న సరుకు. నీళ్ళు లేని వాటికి ప్రిజర్వేటివ్ పెద్దగా అక్కర్లేదు. గానుగ కొబ్బరి నూనె, నువ్వుల నూనె, కుంకుడుకాయలు, సీకాయ పొడి ఆ కోవలోవి. పాత ఇళ్ళలో వాడినవన్నీ ఇవే. సున్నిపిండి దినుసులు కూడా పెట్టాను, పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు. పొడిగా అమ్మను, మీరే మర పట్టించుకోండి. బావంచాలు మాత్రం తగ్గించి వేసుకోండి, అవి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది. మొక్క నుంచి వచ్చిందల్లా మేలు చేస్తుందనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే. ఇంట్లో చేసిన కలబంద జెల్లు అమ్మిపెట్టమని ఇద్దరు ముగ్గురు అడిగారు. ప్రిజర్వేటివ్ లేకుండా నీళ్ళతో చేసినది మన నెల్లూరు జిల్లా ఉక్కలో ఎన్ని రోజులు నిలుస్తుంది? అందుకే వద్దన్నాను.

జుట్టు రంగు దగ్గర నాకూ కష్టమే. ఆపితే నెల అమ్మకంలో పెద్ద ముక్క పోతుంది, ఆపలేదు. తెలిసింది చెబుతాను, మీరే నిర్ణయించుకోండి. అమెరికాలో సిస్టర్ స్టడీ అని, రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్ళ అక్కచెల్లెళ్ళను ఏళ్ళపాటు గమనించిన పరిశోధన ఉంది. 2019లో వచ్చిన ఫలితాల్లో 46,709 మంది లెక్క తీశారు. పర్మనెంట్ డై వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ 9 శాతం ఎక్కువగా, నల్లజాతి స్త్రీలలో 45 శాతం ఎక్కువగా కనపడింది. 9 శాతం అంటే వందలో తొమ్మిది మందికి వస్తుందని కాదు. వాడని వాళ్ళలో వంద మందికి వస్తే, అంతే సంఖ్యలో వాడిన వాళ్ళలో 109 మందికి వచ్చిందని. రంగు వల్లే వచ్చిందని అది తేల్చలేదు, మన ఆడవాళ్ళ మీద చేసిందీ కాదు. నెలకు రెండుసార్లు వేసుకునేవాళ్ళు ఒకసారికి తగ్గించుకోవచ్చు. గోరింటాకు పొడి కావాలంటే ఉంది, ఎర్రగా పండుతుంది. నల్లగా పండే గోరింటాకు అని ఎవరైనా అమ్మితే అందులో డైలో వేసే పీపీడీ అనే రసాయనం కలిసి ఉండొచ్చు, కొనకండి. పెళ్ళికూతుళ్ళకు చేతుల మీద బొబ్బలు లేచేది దానివల్లే.

జుట్టు సాఫీ చేసే కెరాటిన్ లిక్విడ్లు పూర్తిగా ఆపేశాను. వాటిలో చాలావాటికి ఇస్త్రీ పెట్టెలాంటి ఆ మిషను వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ పొగ వస్తుంది. అది క్యాన్సర్ కారకమని 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అది చెప్పింది ముక్కు వెనక భాగానికి వచ్చే క్యాన్సర్ గురించి, రొమ్ము గురించి కాదు. కానీ ఆ పొగ పీల్చేది కస్టమరు ఒక్కసారి, పార్లరు అమ్మాయి రోజూ. మా దగ్గర లిక్విడ్లు తీసుకునే రెండు పార్లర్లు ఇప్పుడు చెన్నై ప్యారీస్ కార్నర్ బజారు నుంచి తెప్పించుకుంటున్నాయి. పోనీలెండి.

ఊరూ పేరూ లేకుండా డబ్బా మీద తెల్లటి అమ్మాయి బొమ్మ ఒక్కటే ఉండే క్రీములు కూడా లేవు. తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు లేనిది మన చట్టం ప్రకారమే అమ్మకూడదు. అలాంటి వాటిలో పాదరసం కలిసి మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు 2023లో కేరళలో బయటపడ్డాయి.

పౌడరు ఆపలేదు. రోహిణి కార్తెలో పౌడరు లేకుండా ఈ ఊళ్ళో ఫ్యాన్సీ షాపు నడపడం నా వల్ల కాదు. పౌడరులో ఉండే టాల్క్ అనే రాతి పొడిని 2024లో అదే క్యాన్సర్ పరిశోధన సంస్థ బహుశా క్యాన్సర్ కలిగించేది అనే వర్గంలో చేర్చింది. ఆ అనుమానం అండాశయ క్యాన్సర్ విషయంలో. మెడకు, వీపుకు రాసుకోండి, లోపలి భాగాల్లో చల్లుకోకండి, పసిపిల్లల ముఖం దగ్గర దులపకండి. టాల్క్ లేని, మొక్కజొన్న పిండితో చేసిన రకం పక్కనే పెట్టాను.

డియోడరెంట్ల వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్నది వట్టి పుకారు. 2002లో జబ్బు ఉన్న 813 మందిని, లేని 793 మందిని పోల్చి చూస్తే తేడా ఏమీ కనపడలేదు. అయితే మామోగ్రామ్‌కు, అంటే రొమ్ము ఎక్స్‌రేకు వెళ్ళే రోజు మాత్రం చంకల్లో డియోడరెంట్, పౌడరు రాసుకోకండి. అవి ఫిల్ములో మచ్చల్లాగా కనపడి లేనిపోని భయం పెడతాయి.

అక్టోబరులో ఒక కంపెనీ సేల్స్‌మన్ గులాబీ రంగు రిబ్బను (రొమ్ము క్యాన్సర్ అవగాహనకు గుర్తు అది) బొమ్మ వేసిన స్టాండుతో వచ్చాడు. "మేడమ్, పది తీసుకుంటే రెండు ఫ్రీ, స్టాండు కూడా మాదే." లోషన్ సీసా వెనక్కి తిప్పితే ప్రొపైల్ పారాబెన్ ఉంది. మార్జిన్ బాగుంది, స్టాండు కూడా ముచ్చటగా ఉంది. తీసుకోలేదు. మా షాపులో ఏ సరుకు మీదా "క్యాన్సర్ రాదు" అనే స్టిక్కరు, రిబ్బను పెట్టను. అలా రాసి అమ్మితే అబద్ధమే అవుతుంది.

కీమో, రేడియేషన్ నడుస్తున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు మా కస్టమర్లే. మీకు నేను ఏ క్రీమూ చెప్పను, అమ్మను కూడా. రేడియేషన్ పడే చోట ఏం రాయాలో డాక్టరునే అడగండి. మెత్తటి కాటన్ స్కార్ఫులు, టోపీలు మాత్రం తెప్పించాను, బయట ర్యాకులో లేవు, అడిగితే లోపల చూపిస్తాను.

30 దాటిన ఆడవాళ్ళకు రొమ్ము పరీక్ష ప్రభుత్వ స్క్రీనింగులో ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, ఊళ్ళో ఏఎన్ఎమ్మును అడగండి. గడ్డ నొప్పి లేదని ఊరుకోకండి, తొలి దశలో చాలాసార్లు నొప్పి ఉండదు. చాలా గడ్డలు క్యాన్సర్ కావు కూడా, ఆ తేడా చెప్పాల్సింది డాక్టరు.

ధరల సంగతి: మార్చిన లోషన్లు రెండు రకాలు పాతవాటి కంటే ఖరీదు, మిగతావి అటూ ఇటూగా అంతే. పాత స్టాకును డిస్ట్రిబ్యూటరు వెనక్కి తీసుకోనన్నాడు. అవి కింది అరలో సగం ధరకు ఉన్నాయి, ఏమున్నాయో చీటీ మీద తెలుగులో రాసి అతికించాను. చదివి, కావాలంటేనే తీసుకోండి. సగం వాడిన సీసాలు తెచ్చి మార్చమంటున్నారు, అది మాత్రం కుదరదు.