బూటు నంబరులో వెడల్పు ఏది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన పాదాలకు తగినట్టు ‘భ’ అనే పేరుతో కొత్త కొలతల పద్ధతి వస్తోందన్న వార్త మీ పత్రికలో చదివాను. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ వారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచారట. మన పాదం ముందు భాగం వెడల్పు ఎక్కువనీ, ఇంగ్లండు, అమెరికా నంబర్ల బూట్లు మనకు ఇరుకనీ తేలింది. వెడల్పు కోసం చాలామంది కావలసిన దానికన్నా పొడవైన బూటు కొనుక్కుని నెట్టుకొస్తున్నారట. చదివి నవ్వుకున్నాను. నలభై ఏళ్ల కిందట సైన్యంలో చేరిన వారంలోనే నా కాళ్లు ఆ సంగతి చెప్పాయి. వినే నాథుడు లేడు.

పొలంగట్ల మీద వట్టి కాళ్లతో పెరిగినవాణ్ని. శిక్షణ కేంద్రంలో స్టోరు ముందు వరసలో నిలబడితే అడిగింది ఒకటే మాట, నంబరెంత అని. పుట్టి బుద్ధెరిగి బూటు తొడగని కుర్రవాడికి నంబరు ఏం తెలుస్తుంది? నా ముందున్నవాడు ఏడంటే నేనూ ఏడన్నాను. పొడవు సరిపోయింది కానీ పక్కలు కరిచేశాయి. తోలు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నారు. తోలు సర్దుకోలేదు, నా చిటికెన వేళ్లు సర్దుకున్నాయి. ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి. ఆఖరికి ఇంకొకడితో మార్చుకుని ఎనిమిదో నంబరు సంపాదించి, మునివేళ్ల దగ్గర గుడ్డ కుక్కి పరేడ్ చేశాను.

ఈ నంబరు అసలు ఏమిటో తెలుసుకుందామని విశ్రాంత జీవితంలో కాస్త చదివాను. ఇంగ్లండు లెక్కలో ఒక నంబరుకూ మరో నంబరుకూ తేడా ఒక బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు. మన పాత లెక్కల్లోనూ ఎనిమిది యవలు ఒక అంగుళం కదా, ఆ యవ కూడా బార్లీ గింజే. మనవాళ్లు గింజ వెడల్పును తీసుకున్నారు, వాళ్లు పొడవును తీసుకున్నారు. ఆ నంబరు పొడవు ఒక్కటే చెబుతుంది, వెడల్పు ఊసెత్తదు.

ఈ సంగతి పట్టించుకోక పెద్ద పెద్ద సైన్యాలే కుంటాయి. నెపోలియన్ కాలపు సిపాయి బూట్లకు కుడి, ఎడమ తేడా కూడా ఉండేది కాదు. క్రిమియా యుద్ధంలో, 1854-55 చలికాలంలో బ్రిటిష్ సైనికులకు చేరిన బూట్లు చాలావరకు చిన్నవి. తడిసి వాచిన కాలి నుంచి బూటు తీస్తే మళ్లీ ఎక్కదన్న భయంతో రోజుల తరబడి విప్పకుండానే ఉండిపోయేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వారి అనుభవం మరీ చిత్రం. సైనికుడికి పల్చటి మేజోళ్లతో బూటు అమర్చారు. 1944-45 శీతాకాలంలో యూరప్‌లో మంచు కురిశాక మందపాటి ఉన్ని మేజోళ్లు తొడిగితే అదే బూటు బిగుసుకుపోయి రక్తం ఆడలేదు. చలికీ తడికీ పాదాలు దెబ్బతిని ఆసుపత్రి పాలైనవారు సుమారు 45 వేల మంది. దీనికంతటికీ బూటే కారణమని నేననను, కానీ బిగుతు బూటు పాత్ర ఉందని వాళ్ల వైద్యులే రాసుకున్నారు.

విడ్డూరం ఏమిటంటే, ఆ యుద్ధానికి ముప్పై ఏళ్ల ముందే అదే సైన్యం దారి కనిపెట్టి ఉంది. 1908లో మన్సన్ అనే సైనిక వైద్యుడితో ఒక బోర్డు వేశారు. నాలుగేళ్లలో రెండు వేల మంది సిపాయిల పాదాలు పరీక్షించారు. తమ పాదానికి తగిన దానికన్నా చిన్న బూటే ఎక్కువమంది తొడుగుతున్నారని తేలింది. 1912లో వచ్చిన ఉత్తర్వు చూడండి. సిపాయిని వట్టి పాదాలతో నిలబెట్టాలి. వీపున 40 పౌన్ల బరువు, అంటే 18 కిలోలు, ఎత్తాలి. బరువంతా ఒక కాలి మీద వేయించి, అప్పుడు కొలవాలి. కూర్చున్నవాడి పాదం వేరు, మూట మోసేవాడి పాదం వేరు కదా. ఆ తర్వాత కొత్త బూట్లతో ఐదు నిమిషాలు నీళ్లలో నిలబెట్టి, అవి కాళ్ల మీదే ఆరేదాకా నడిపించాలి. బ్యారక్‌లో మేము బకెట్లో బూట్లు నానబెట్టి, హవల్దారు కంట పడకుండా దొంగచాటుగా చేసిన పని అది!

మన దగ్గర 1962 అక్టోబరులో, చైనాతో యుద్ధంలో, ఈశాన్య సరిహద్దులోని నామ్‌కా చూ వాగు ఒడ్డున ఏడో బ్రిగేడ్ జవాన్లు నూలు దుస్తులు, కాన్వాసు బూట్లతో చలికీ శత్రువుకీ ఎదురునిలిచారు. అక్కడ కొలత దాకా పోనక్కర్లేదు, చలికి తగిన బూటే లేదు. 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక కూడా, 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా ఎత్తయిన ప్రాంతాల జవాన్లకు కొత్త బూట్లు అందక పాతవే బాగు చేసుకుని వాడారని చెప్పింది.

ఇంతకీ నా మనవి. ‘భ’ పద్ధతిలో వయసును, ఆడామగను బట్టి ఎనిమిది వర్గాలు ఉంటాయంటున్నారు. సంతోషం. కానీ కంపెనీ అచ్చు మార్చినంత మాత్రాన స్టోరులో అడిగే ప్రశ్న మారదు. మా ఊరి బడిలో నా మనవడిని కూడా నంబరెంత అనే అడిగారు. ఐదో తరగతి పిల్లవాడు, పక్కవాడు చెప్పిందే చెప్పి వచ్చాడు. నలభై ఏళ్లకు మళ్లీ అదే వరస! బడి పిల్లలకూ, కానిస్టేబుళ్లకూ ప్రభుత్వ ఖర్చుతో బూట్లు కొనేటప్పుడు ప్రతి పాదం పొడవూ వెడల్పూ కొలిచిన పట్టికను టెండరుకు జతచేయాలనీ, వెడల్పు కూడా పెట్టె మీద అచ్చువేయాలనీ అధికారులు నిబంధన పెట్టాలి. దీనికి యంత్రాలు అక్కర్లేదు. గోడకు మడమ ఆనించి, తెల్లకాగితం మీద నిలబెట్టి, పెన్సిలుతో గీసి, స్కేలు పెడితే చాలు. రెండు పాదాలూ కొలవాలి, ఒకటి కాస్త పెద్దదిగా ఉంటుంది. పొద్దున కాకుండా మధ్యాహ్నం దాటాక కొలవాలి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. మా బడి హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే వచ్చే సోమవారం నేనే వెళ్లి కొలిచి ఇస్తాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
తూర్పు గోదావరి జిల్లా