టన్నెల్ ఎందుకు కారుతోందో చెప్పినవారందరికీ కృతజ్ఞతలు

కుట్టు లేని శుక్లం ఆపరేషన్‌లో కొత్తవాళ్లు చేసిన టన్నెల్ (శుక్లాన్ని బయటికి తీయడానికి తెల్లగుడ్డులోంచి నల్లగుడ్డులోకి చేసే కోత దారి) ఎందుకు కారుతుందని అడిగితే, తీరిక చేసుకుని జవాబిచ్చిన సీనియర్ సర్జన్లకు, థియేటర్ సిస్టర్లకు, వెట్ ల్యాబ్ (జంతువుల కళ్ల మీద సాధన చేసే చోటు) సిబ్బందికి మా శిక్షణ బృందం తరఫున కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాసిపెడుతున్నాం, తర్వాతి బ్యాచ్‌కీ పనికొస్తాయి.

ముందుగా కొలిచే క్యాలిపర్ లేకుండా బ్లేడ్ పట్టనివ్వని సార్‌కి. లింబస్‌కి (తెల్లగుడ్డు, నల్లగుడ్డు కలిసే అంచుకి) 1.5 నుంచి 2 మి.మీ. వెనక, 6 నుంచి 6.5 మి.మీ. వెడల్పున, తెల్లగుడ్డు మందంలో సగం లోతుకి గాడి. గాడి నడిమి భాగం లింబస్‌కి దగ్గరగా, రెండు చివర్లు దూరంగా వంగి ఉండాలి. అక్కడి నుంచి పొరల మధ్య దారి చేసే క్రెసెంట్ బ్లేడ్‌తో నల్లగుడ్డులోకి 1 నుంచి 1.5 మి.మీ. వరకు వెళ్లాలి. లోపలి నోరు బయటి నోటికన్నా వెడల్పు. పాత పద్ధతిలో 10, 12 మి.మీ. కోసి కుట్లు వేసేవారు. ఇక్కడ కంటి లోపలి ఒత్తిడే ఆ లోపలి పెదవిని నొక్కి మూసేస్తుంది. నల్లగుడ్డులోకి చాలినంత వెళ్లకపోతే మూయడానికి పెదవే ఉండదు. కారడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

క్రెసెంట్ బ్లేడ్ గురించి మేడమ్ చెప్పిన గుర్తు అన్నిటికన్నా బాగా పనికొచ్చింది. పైపొర కింద బ్లేడ్ లీలగా కనిపించాలి. మరీ స్పష్టంగా కనిపిస్తే పైపైన పోతున్నట్టు, కాసేపట్లో పైపొరకి చిల్లు పడుతుంది. అసలు కనిపించకపోతే మరీ లోతు, ముందుగానే నల్లగుడ్డు వెనకున్న లోపలి గదిలోకి దిగిపోతుంది, వెంటనే ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) బయటికి తోసుకొస్తుంది. లింబస్ దగ్గర వంపు మారుతుంది కాబట్టి అక్కడ మొన కాస్త ఎత్తాలి. పక్కలకి వెళ్లేటప్పుడు గుడ్డు వాలుని బట్టి బ్లేడ్‌ని వాల్చాలి; బల్లపరుపుగా ఉంచితే చిల్లు ఖాయం. చిల్లు పడిందా, అదే చోట కెలకకుండా రెండో చివర నుంచి మరికాస్త లోతుగా మొదలుపెట్టాలి. ముందుగా దిగిపోతే, అటు చివర నుంచి కాస్త పైపొరలో.

మేక కళ్ల మీద ఇదంతా పదేపదే చేయించిన వెట్ ల్యాబ్ అన్నకి మా బాకీ తీరేది కాదు.

కెరటోమ్ (లోపలి నోరు కోసే బ్లేడ్) మొద్దుబారితే కొత్తది తీయమని అడక్కముందే అందించిన సిస్టర్లకు కూడా. మొద్దు బ్లేడ్‌తో తోస్తే నల్లగుడ్డు లోపలివైపున్న డెస్సిమెట్ పొర ఊడొస్తుంది. లోపలి నోరు పెద్దది చేసేటప్పుడు బ్లేడ్ లోపలికి పోయేటప్పుడే కోయాలి, వెనక్కి లాగేటప్పుడు కాదు. గది నిండా విస్కో (లోపలి భాగాల్ని కాపాడే జెల్) ఉండాలి.

న్యూక్లియస్ (శుక్లం పట్టిన లెన్స్ గట్టి నడిమి భాగం) బయటికి తీసే చోట అందరి జవాబూ ఒకటే: ఎత్తొద్దు, నొక్కండి. ఇరిగేటింగ్ వెక్టిస్ (నీరు పంపే రంధ్రాలున్న చిన్న గరిటె లాంటి పరికరం) లోపలికి పోకముందే సిరంజి నొక్కి రంధ్రాల్లోంచి నీరు వస్తోందో లేదో చూడాలి. న్యూక్లియస్‌కి పైనా కిందా విస్కో వేసి, వెక్టిస్ కిందికి జార్చి, న్యూక్లియస్ టన్నెల్ నోట్లో ఇరుక్కున్నాక నీరు పంపుతూ వెనక పెదవిని కిందికి నొక్కితే దానంతటదే వస్తుంది. ఎత్తితే ఎండోథీలియం (నల్లగుడ్డు లోపలి కణాల పొర) గీసుకుపోతుంది. ఆ కణాలు మళ్లీ పుట్టవు, మర్నాడు నల్లగుడ్డు ఉబ్బి మసగ్గా ఉంటుంది. గోధుమరంగు గట్టి న్యూక్లియస్ అయితే కోతని 7 మి.మీ. చేసుకోవడమే మేలు, 6 మి.మీ.లోంచి లాగబోయి కన్ను పాడుచేయడం ఎందుకు? రెక్సిస్ (క్యాప్సూల్ అనే లెన్స్ సంచి ముందువైపు చేసే గుండ్రటి రంధ్రం) చిన్నదైతే అంచున రెండు చోట్ల గాటు పెట్టమన్న సలహా కూడా కొన్ని క్యాప్సూల్స్‌ని కాపాడింది. నేపాల్‌లోని లహాన్‌లో ఆల్బ్రెక్ట్ హెన్నిగ్ ప్రచారంలోకి తెచ్చిన గాలం పద్ధతి, అంటే 30 గేజ్ సూది మొన వంచి న్యూక్లియస్‌ని లాగడం, చూపించినవారికీ థాంక్స్. దాన్ని ఇంకా మేక కళ్ల మీదే చేస్తున్నాం.

కౌన్సెలర్లకి వేరుగా చెప్పాలి. ఫేకోని (న్యూక్లియస్‌ని ముక్కలు చేసి పీల్చేసే మరో పద్ధతిని) లేజర్ అనుకుని, ఇది నాసిరకమా అని అడిగే పెద్దవాళ్లకి, ఫేకోలో వాడేది అల్ట్రాసౌండ్ అనీ, మడవని 6 మి.మీ. పీఎంఎంఏ (గట్టి ప్లాస్టిక్) లెన్స్ పట్టాలంటే ఈ కోత కావాల్సిందే అనీ ఓపిగ్గా చెబుతున్నది మీరే.

చివర్లో సైడ్ పోర్ట్‌లోంచి (పక్కన పెట్టిన చిన్న కోతలోంచి) నీరు నింపి, స్పాంజ్‌తో ఆరబెట్టి, కోత దగ్గర మెల్లగా నొక్కి చూడమన్నారు. చెమ్మ కనిపిస్తే 10-0 నైలాన్‌తో (చాలా సన్నని దారంతో) ఒక్క కుట్టు. ఇప్పుడు ట్రాలీ మీద ఆ నైలాన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటోంది.