రెయినియర్ ప్రదక్షిణకు దారి చూపినవారికి కృతజ్ఞతలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రెయినియర్ అనే అగ్నిపర్వతం చుట్టూ సాగే వండర్‌ల్యాండ్ కాలిబాటను ఈ ఆగస్టులో నడవాలని నేను, నా భార్య, నా ఆఫీసు మిత్రుడు జనవరిలో అనుకున్నప్పుడు మా దగ్గర ఉన్నది ఉత్సాహం ఒక్కటే. ఆ ఉత్సాహం ఇప్పుడు ఒక ప్రణాళికగా కుదిరిందంటే అందుకు బెంగళూరులోని కొందరు తెలుగువారే కారణం. బయలుదేరడానికి ఇంకా పది రోజులుంది. నడక ఎలా సాగినా వారికి చెప్పవలసిన మాట ముందే చెప్పడం న్యాయమనిపించి ఇది రాస్తున్నాను.

అందరికన్నా ముందు రామమూర్తినగర్‌లో ఉండే ఒక పెద్దాయనకు నమస్కారాలు. పేరు రాయవద్దన్నారు కాబట్టి, మేం పిలిచే పిలుపుతోనే మాస్టారు అంటాను. కూతురి దగ్గర ఉన్న రోజుల్లో ఆయన ఆ బాటను పూర్తిగా నడిచారు. మొదటిసారి వారింటికి వెళ్లినప్పుడు, 150 కిలోమీటర్లను ఏడు రోజులకు పంచి నేను వేసుకున్న పట్టికను ఎంతో గర్వంగా చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, దాన్ని రెండుసార్లు చదివి, "దూరం బాగానే లెక్కేశారు బాబూ, రోజుకు ఎంత ఎక్కి ఎంత దిగుతారో ఎక్కడ రాశారు?" అని అడిగారు. నేను రాయలేదు.

ఆ కొండ ఎత్తు 4,392 మీటర్లని చదివి, ఎత్తుకు తల తిరుగుతుందేమోనని మందులు కూడా కొని పెట్టుకున్నవాణ్ని నేను. మనం ఎక్కేది శిఖరం కాదని, బాటలో అత్యంత ఎత్తైన చోటు కూడా 2,100 మీటర్లు దాటదని, అసలు కష్టం వేరే ఉందని ఆయన బొమ్మ గీసి చూపించారు. శిఖరం నుంచి హిమానీనదాలు గొడుగు ఊచల్లా అన్ని వైపులకూ దిగి లోయలను తొలిచాయి. చుట్టూ తిరిగే మనిషి ఒక్కో లోయలోకి దిగి, ఏరు దాటి, మళ్లీ అవతలి గట్టు ఎక్కాలి. అలా మొత్తం ఎక్కుడే సుమారు 22,000 అడుగులు, అంటే 6,700 మీటర్లు. కుక్కే సుబ్రహ్మణ్యం నుంచి కుమార పర్వతం ఎక్కితే దాదాపు 1,600 మీటర్లు కాబట్టి, ఇది దానికి నాలుగు రెట్ల పైమాటే. కుమార పర్వతం ఒక్కసారి ఎక్కి వచ్చి, మర్నాడు ఇంటి మెట్లు గోడ పట్టుకుని దిగిన నాకు ఆ పోలిక వెంటనే అర్థమైంది. ఆ సాయంత్రమే ఏడు రోజులు పదకొండయ్యాయి.

ఫిబ్రవరిలో అనుమతి లాటరీకి పేరిచ్చినప్పుడు ఏ రాత్రి ఏ విడిదిలో ఉంటామో మూడు రకాలుగా రాయించింది కూడా ఆయనే. మొదటి రెండింటిలో చోటు దొరకలేదు, మూడోది దొరికింది.

తిండి విషయంలో ఆయన చేసిన సాయం ఇంకా పెద్దది. పాత సమాచారాన్ని నమ్మి, బాటకు వాయవ్యాన ఉన్న మోవిచ్ సరస్సు దగ్గర ముందుగా ఆహారం పెట్టించుకోవచ్చని నేను అనుకున్నాను. అటు వెళ్లే రోడ్డు మీది ఫెయిర్‌ఫాక్స్ వంతెనను 2025 ఏప్రిల్‌లో శాశ్వతంగా మూసేశారని, కారు అక్కడికి చేరదని ఆయన చెప్పకపోయి ఉంటే ఖాళీ సంచులతో అడవి మధ్యలో నిలబడేవాళ్లం. ఇప్పుడు నడక మొదలుపెట్టే లాంగ్‌మైర్ నుంచి వైట్ రివర్ అనే విడిది దాకా, అంటే దారిలో సగానికి పైగా, మా తిండి మేమే మోయాలి. మిగతాది ఎలుకలు కొరకలేని గట్టి డబ్బాలో సర్ది వైట్ రివర్‌లో అప్పగించే బాధ్యతను టకోమాలో ఉండే మా పిన్ని కొడుకు తీసుకున్నాడు. పొయ్యికి గ్యాసు విమానంలో తీసుకువెళ్లనివ్వరు కాబట్టి అది కూడా వాడే కొని ఉంచుతాడు. తమ్ముడికి థాంక్స్ చెబితే తిడతాడు గనుక ఇక్కడ రాసి ఊరుకుంటున్నాను.

ఆ బరువు సంగతి తేల్చడానికి మాస్టారి భార్య, మేం అత్తయ్యగారు అని పిలిచే ఆవిడ, వంటింటి త్రాసు తీసుకుని మా హాల్లో చాప మీద కూర్చున్నారు. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, వేరుశనగ చిక్కీ ఒక్కొక్కటే తూచారు. కందిపొడి పెట్టిన స్టీలు డబ్బా 310 గ్రాములు తూగింది, లోపలి పొడి 200. ఆవిడ ఏమీ అనలేదు, పొడిని కవర్లోకి వంపి డబ్బాను నా భార్య చేతిలో పెట్టారు. మనిషికి రోజుకు 700 గ్రాములకు మించకుండా కట్టిన ఆ పొట్లాల మీద తేదీలు కూడా ఆవిడ చేతిరాతే.

హిమానీనదం నుంచి వచ్చే ఏళ్లు రాతిపొడి కలిసి బియ్యం కడుగులా తెల్లగా ఉంటాయని, ఆ నీళ్లు వడపోత గొట్టాన్ని మూసేస్తాయని, పక్కవాగుల నీళ్లే పట్టుకోవాలని మాస్టారు చెప్పారు. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి ప్రవాహం పెరుగుతుంది కాబట్టి, వంతెన కొట్టుకుపోయిన చోట్లు ఉంటే పొద్దున్నే దాటాలన్నది ఆయన మాటే. రాత్రి ఏటి హోరు ఒక్కసారిగా పెరిగితే సామాను వదిలేసి గట్టు పైకి పొమ్మన్నారు. అగ్నిపర్వతాల లోయల్లో బురద ప్రవాహాలు చెప్పి రావు.

మూడు నెలలు ప్రతి ఆదివారం పది కిలోల బియ్యం సంచి వీపున వేసుకుని నంది కొండ మెట్లెక్కిన మాకు తోడు వచ్చిన ఇందిరానగర్ మిత్రులకు, నా మోకాలికి వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు అక్కకు కూడా ధన్యవాదాలు.

మదనపల్లెలో ఉన్న మా అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, కొండ ఏ చేతి వైపు ఉంటుందని. ఏ దిక్కుగా నడిచినా ఎక్కుడూ దిగుడూ సమానమే కాబట్టి, కుడిచేతి వైపు ఉండేలా సవ్యంగానే తిరుగుతామని చెప్పాం.

మాస్టారు తన పాత మ్యాప్ మాకిచ్చారు. మడతల దగ్గర చిరిగి, అంచుల్లో పెన్సిలు రాతలు మాసిపోయి ఉన్న ఆ కాగితానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే, తడవకూడదు. సెప్టెంబరులో దాన్ని ఆయన చేతికే అప్పగిస్తాను.