అన్నం గరిటె ఎందుకు చిన్నదైందంటే: మన మెస్‌కు వచ్చే అందరికీ

మన మెస్‌లో రోజూ భోంచేసే అన్నలకు, అక్కలకు, హాస్టల్ పిల్లలకు నమస్కారం.

జనవరి నుంచి మన దగ్గర వడ్డన మారింది. ముందు మాదిరి ప్లేటు నిండా కుప్ప పోయకుండా మొదట ఒక చిన్న గరిటె అన్నమే పెడుతున్నాం. మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం కొర్రన్నం, బుధ, శనివారాలు రాత్రి రాగి సంగటి మొదలుపెట్టాం. మీలో కొందరు నొచ్చుకున్నారు. పోయిన వారం ఒక పెద్దాయన చెయ్యి కడుక్కుంటా, "అన్నం తగ్గించి బాగా మిగిలిస్తున్నావు గదమ్మా" అన్నారు. ఆ మాటకు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే లెక్కంతా మీ ముందు పెడుతున్నా.

డిసెంబర్‌లో రెండు వారాల పాటు మా ఆయన, నేను ఎంగిలి బకెట్ తూకం వేశాం. మధ్యాహ్నం మూడింటికి ఆఖరి ప్లేటు లేచాక, పాత ఇనుప సామాన్ల వాళ్లు వాడే కొక్కెం త్రాసుకు బకెట్ తగిలించి చూసేవాళ్లం. మొదటి రోజు 140 భోజనాలకు 11 కిలోలు వచ్చింది. చేత్తో విడదీసి చూస్తే కరివేపాకు, ఎండుమిరపకాయ, మునక్కాయ పిప్పి పోను ఎనిమిది కిలోలు అన్నమే. అందులో సగానికి సాంబారు కూడా తగల్లేదు, పెట్టింది పెట్టినట్టు తెల్లగా ఉంది. తప్పు తిన్నవాళ్లది కాదు. అడగకముందే మేమే కుప్ప పోశాం.

ఎనిమిది కిలోల అన్నమంటే మూడు కిలోల బియ్యం. మూడు కిలోల బియ్యమంటే నాలుగున్నర కిలోల వడ్లు. కిలో వడ్లు పండటానికి వాన నీళ్లు, పారించే నీళ్లు కలిపి సగటున 2,500 లీటర్లు పడతాయని వరి శాస్త్రవేత్తల లెక్క. గుణించి చూస్తే 11,000 లీటర్ల పైనే. ఎండాకాలంలో మన వీధిలోకి వచ్చే ట్యాంకర్ 5,000 లీటర్లది. ఆ ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టి, ఒకరి మీద ఒకరు అరుచుకున్న రోజులు మన అనంతపురంలో ఎవరికి తెలీవు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర్లో వాన పడే సీమలో ఉండి, దినామూ రెండు ట్యాంకర్ల నీళ్లు ఆ బకెట్లో పోస్తున్నామని అర్థమైనాక నాకు కాళ్లాడలేదు.

నీళ్లతోనే అయిపోలేదు. వరి మడిలో నీళ్లు నిలిచినప్పుడు అడుగు బురదకు గాలి ఆడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ వాయువును పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మెతుకులు చెత్తకుప్పలో పూడిపోతే అక్కడా అదే జరుగుతుంది. మన ఎంగిలిలో ఎక్కువ భాగం పాలాయన బర్రెలకు కుడితిగా పోతుంది కాబట్టి ఆ రెండోది కొంత తప్పుతోంది. మొదటిది మాత్రం మడిలోనే అయిపోయి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక చూస్తే, 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 29 కోట్ల టన్నులు హోటళ్లు, మెస్సులు, క్యాంటీన్లలాంటి చోట్ల పోయిందే. మన బకెట్ కూడా అందులో ఉంది.

ఇప్పుడు డబ్బు లెక్క. గరిటె మార్చాక బకెట్ 4 కిలోలకు దిగింది, అందులో అన్నం రెండున్నర కిలోలు. నెలకు 26 కిలోల సోనా మసూరి బస్తాలు రెండు మిగులుతున్నాయి. ఆ మిగిలిన డబ్బంతా కొర్రబియ్యానికే పోతోంది, అది మాకు సోనాకు రెండింతలకు పైన పడుతుంది. పెద్దాయనా, మీరు అడిగింది న్యాయమే, జవాబు ఇదీ. ఇంకో మాట కూడా అందరూ గుర్తుపెట్టుకోండి: రెండో గరిటె, మూడో గరిటె అడిగితే లేదనం, డబ్బులూ అడగం. ఆకలి మీద కోత పెట్టే ఉద్దేశం మాకు లేదు. కూలి పనికి పోయి వచ్చేవాళ్లకు మొదటి సారే రెండు గరిటెలు పెట్టమని వడ్డించే పిల్లలకు చెప్పాను.

కొర్రలే ఎందుకంటే, ఈ నేలకు అవి సరిపోతాయి కాబట్టి. నంద్యాల పరిశోధనా స్థానం వాళ్లు తెచ్చిన సూర్యనంది రకం 70-75 రోజుల్లో కోతకొస్తుంది, ఉన్న వానతోనే. మా అవ్వ కాలంలో మా ఇంట్లో దినామూ సంగటే, వరన్నం పండగ నాడే. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది, దాన్ని నేను ఒక్క మాట అనను. అయితే ఆ తర్వాత సంగటి పేదల తిండి అనే చిన్నచూపు వచ్చింది. ఇప్పుడేమో షుగర్ వాళ్ల తిండి అంటున్నారు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది దగ్గర్లోనే. ఎదిగే పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి?

మా వల్ల జరిగిన తప్పు ఒకటుంది. ఏప్రిల్‌లో సజ్జ రొట్టెలు పెట్టాం. పని తేలికవుతుందని పదిహేను రోజులకు సరిపడా పిండి ఒకేసారి ఆడించా. సజ్జల్లో నూనె ఎక్కువ, ఎండకు పిండి ముక్కి చేదెక్కింది. రుచి చూడకుండానే ముప్పై మందికి పెట్టా. ఒక పాప మొదటి తునక నోట్లో పెట్టుకుని వాళ్లమ్మ మొహం చూసింది, అది నాకింకా కళ్లల్లోనే ఉంది. ఆ రోజు తిన్నవాళ్లందరూ నన్ను క్షమించాలి. ఇప్పుడు మూడు రోజులకు ఒకసారే ఆడిస్తున్నాం, మొదటి రొట్టె నేనే తింటున్నా.

మటన్ గురించి అడిగేవాళ్లకు: గురువారం మటన్ కూర తీసేసి ఉలవచారు, అలసంద కూర, గుడ్డు పెట్టాం. గొర్రె, మేక నెమరు వేసే జీవాలు, వాటి త్రేన్పుల్లోనూ మీథేనే వస్తుంది. కిలోకు చూస్తే కోడి మాంసం కన్నా ఎన్నో రెట్లు భారం. ఆదివారం మటన్ మాత్రం ఉంటుంది. మన సీమలో జీవాల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కోతలయ్యాక చేలల్లో మంద కట్టిస్తే వచ్చే ఎరువుకు సాటి లేదు. దాన్ని మొత్తంగా మానెయ్యమని చెప్పే మనసు నాకు రాదు.

కూరగాయలన్నీ చుట్టుపక్కల ఊళ్లవే వాడమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వీలైనంత వరకు అదే చేస్తున్నాం. కానీ చాలా పదార్థాల విషయంలో లారీ తిరుగుడు వల్ల పడే భారం చిన్న వాటానే, పొలంలో పడేదే పెద్దది. అందుకే ముందు అన్నం మీద పడ్డాం.

చేయలేకపోయింది కూడా చెప్పాలి. సాయంత్రం బజ్జీలకు ఇప్పటికీ పామాయిలే వాడుతున్నాం. ఇండోనేసియా, మలేసియాల్లో ఆ తోటల కోసం అడవులు కొట్టారని తెలిసి కూడా. చెనిక్కాయలు పండే నేలలో ఉండి చెనిక్కాయ నూనెతో బజ్జీ వేయలేకపోవడం నాకు బాధగానే ఉంది. ఆ నూనెతో వేస్తే ఇప్పుడున్న రేటుకు బజ్జీ ఇవ్వలేను. ఉగ్గానిలోకి మాత్రం చెనిక్కాయ నూనెకు మారాం.

వచ్చే నెల ఒకటి నుంచి భోజనం 90 నుంచి 95 రూపాయలు అవుతుంది. నెల కార్డు ఉన్నవాళ్లకు కార్డు అయిపోయేదాకా పాత రేటే. ఇంటి నుంచి స్టీలు క్యారియర్ తెచ్చుకుంటే పార్సిల్‌కు 5 రూపాయలు తగ్గిస్తాం.

రేపు మంగళవారం కొర్రన్నం, గోంగూర పప్పు, ఊరుబిండి, మజ్జిగ. కొర్రలు రాత్రే నానబెట్టాలి కాబట్టి వచ్చేవాళ్లు ఈ రాత్రి తొమ్మిది లోపు మెస్ నంబర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. కొర్రన్నం పడనివాళ్లకు మామూలు అన్నమూ ఉంటుంది, అదీ చెప్పండి.