అంబూ బ్యాగ్ అందుకున్న అక్కకి

పాము కరిచి ఆసుపత్రిలో ఉన్న నాన్నని నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం. లేచి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ద్రవపదార్థాలు బాగానే మింగుతున్నాడు. గొంతు మాత్రం ఇంకా బొంగురుగానే ఉంది. ఊపిరి కోసం గొంతులోకి ట్యూబు వేశారు కదా, కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుందన్నారు. ఫోన్లు చేస్తున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. సరైన నిద్ర లేక తల దిమ్ముగా ఉంది. వరస తప్పినా, ఎవరినైనా మర్చిపోయినా ఏమీ అనుకోకండి.

కరిచింది కట్లపాము. రాత్రి కింద చాప మీద పడుకున్నాడు. తెల్లవారకముందే కడుపునొప్పి అంటూ లేచి వాంతి చేసుకున్నాడు. వాపు లేదు, మంట లేదు, చూద్దామంటే గాటు కూడా కనిపించలేదు. కట్లపాము కోరలు అంత చిన్నవట. కరిచిన సంగతి కరిపించుకున్నవాళ్ళకే తెలియదట. మా వీధి ఆశా వర్కర్‌ని లేపుకొచ్చాం. ఆ అమ్మాయి టార్చి వేసి నాన్న మొహం చూసి, "బాబాయ్, పైకి చూడు" అంది. చూడలేకపోయాడు. రెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి. "ఇది గ్యాసూ కాదు, తిన్నది పడకపోవడమూ కాదు, ముందు బండి చూడండి" అంది. పసరు పోయిద్దామని ఎవరో అనబోతే కసిరేసింది. చదువుకున్నవాళ్ళం పది మందిమి చుట్టూ నిలబడి ఉన్నాం, ఆ ఒక్క అమ్మాయి తప్ప ఎవరం ఆ రెప్పల వంక చూడలేదు. నాన్న ఇవాళ మాట్లాడుతున్నాడంటే అందులో సగం ఆమె పుణ్యమే.

తమ్ముడు, మా ఆవిడ, చెల్లి, బావ... డబ్బు, పిల్లలు, పశువులు అన్నీ మీరే చూసుకున్నారు. మీకు థాంక్స్ చెబితే కొడతారు, కాబట్టి చెప్పను.

మా ఊరి కల్వర్టు వానలకి కుంగిపోయింది. అంబులెన్స్ అవతలే ఆగిపోతుందని ఆటోలోనే పీహెచ్‌సీకి వెళ్ళాం. అక్కడ డాక్టరు లేరు, సిస్టర్ ఒక్కతే ఉంది. సెలైన్ పెట్టింది, ఆక్సిజన్ పెట్టింది, "డాక్టరు గారు లేకుండా పాముకాటు ఇంజెక్షన్ నేను ఇవ్వలేను, పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి" అంది. తర్వాతి ఆసుపత్రికి చేరేసరికి నాన్న మాట ముద్దగా అయిపోయింది, ఉమ్మి మింగలేకపోతున్నాడు. అక్కడి కుర్ర డాక్టరు రెండో మాట లేకుండా మందు ఎక్కించాడు, గొంతులోకి ట్యూబు వేశాడు. అక్కడ వెంటిలేటర్ లేదు. 108 పిలిచి జిల్లా కేంద్రానికి పంపించాడు. దారంతా 108లో పేషెంట్‌ని చూసుకునే ఈఎంటీ తమ్ముడు ఒక్క క్షణం ఆపకుండా అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూనే ఉన్నాడు. గుంట వచ్చినప్పుడల్లా మోకాలితో స్ట్రెచర్‌ని అదిమిపట్టి మరీ నొక్కాడు.

పెద్దాసుపత్రిలో వెంటిలేటర్లన్నీ నిండిపోయి ఉన్నాయి.

ఇక్కడి నుంచి ఆవిడ గురించి రాయాలి. అసలు ఈ పోస్టు ఆవిడ కోసమే.

నాన్న నోట్లో ట్యూబు, దాని చివర అంబూ బ్యాగ్, దానికి ఆక్సిజన్ పైపు. డ్యూటీ డాక్టరు రెండుసార్లు నొక్కి చూపించి, "వెంటిలేటర్ ఖాళీ అయ్యేదాకా మీరు ఇలా నొక్కుతూ ఉండాలి, ఆపకూడదు" అని చెప్పి ఇంకో కేసు దగ్గరికి పరిగెత్తింది. ఆవిడని అనడానికేం లేదు, ఆ హాల్లో అన్ని మంచాలకీ ఆమె ఒక్కతే. బ్యాగ్ నా చేతిలో పెట్టారంటే ఊపిరి నా చేతిలో పెట్టారన్నమాట. చేతులు వణుకుతున్నాయి. టెన్షన్‌లో గబగబా నొక్కేస్తున్నాను.

పక్క మంచం దగ్గర నేల మీద కూర్చున్న ఆవిడ లేచి వచ్చింది. "అంత గబగబా వద్దు తమ్ముడూ. నువ్వు ఊపిరి పీల్చుకుంటూ నొక్కు. ఆయన ఛాతీ లేచిందా? ఇక వదిలెయ్. నీకు మళ్ళీ పీల్చాలనిపించినప్పుడు మళ్ళీ నొక్కు." చెయ్యి నా చేతి మీద వేసి నాలుగైదుసార్లు తానే నొక్కించింది. తర్వాత సిస్టర్ వచ్చి చూసి, బాగానే ఇస్తున్నారు, నిమిషానికి పది పన్నెండు సార్లు చాలు అంది. ఆవిడకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఆవిడ భర్తది పురుగుల మందు కేసు. ఆయనకీ మొదటి రాత్రి వెంటిలేటర్ దొరకలేదు, ఈవిడే నొక్కుతూ కూర్చుంది. అలా వచ్చిన విద్య.

బ్యాగ్ నొక్కడం చూడ్డానికి ఏమీ ఉండదు. కాసేపటికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, తర్వాత మణికట్టు, ఆ పైన మోచెయ్యి. చెయ్యి మారుస్తాం, ఆ చెయ్యీ పోతుంది. తమ్ముడు మందుల కోసం, స్కానింగ్ చీటీల కోసం పైకీ కిందకీ తిరుగుతున్నాడు. నా చేతులు ఇక కదలడం లేదని ఆవిడ ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు, గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని, "ఇటివ్వు. పోయి గోడకి ఆనుకుని కూర్చో" అంది. నేను వద్దన్నాను. మీ ఆయనని చూసుకోండి అన్నాను. "ఆయనకి మిషన్ ఉందిగా, మీ నాన్నకి లేదు" అని బ్యాగ్ లాక్కుంది.

గోడకి ఆనుకుని కూర్చుంటే ఆవిడ మాటలు వినిపించాయి. నాతో కాదు, నాన్నతో. "పెద్దయ్యా, మీ అబ్బాయి ఎక్కడికీ పోలేదు. ఇక్కడే కూర్చున్నాడు. ఇప్పుడు నేను గాలి కొడుతున్నా. భయపడకండి, ఆపను."

అప్పటిదాకా ఏడుపు రాలేదు నాకు. పీహెచ్‌సీలో రాలేదు, 108లో రాలేదు. అప్పుడొచ్చింది. కళ్ళు తెరవని, వేలు కదపని మనిషికి, తనకి ఏమీ కాని మనిషికి, నీ కొడుకు ఇక్కడే ఉన్నాడని చెప్పాలని ఎలా తోచింది ఆవిడకి? తర్వాత అడిగాను కూడా, ఆయనకి వినిపిస్తుందా అక్కా అని. "మా ఆయనకీ ఇలాగే చెప్పేదాన్ని. వినిపిస్తే వినిపిస్తుంది, లేకపోతే లేదు. మనదేం పోయింది" అంది.

వినిపించింది. మర్నాడు ఐసీయూ డాక్టరు వివరంగా చెప్పాడు. కట్లపాము విషం నరం నుంచి కండకి వెళ్ళే కబురుని ఆపేస్తుందట. రెప్ప ఎత్తలేరు, ఊపిరి తీసుకోలేరు, ఒక్కోసారి కంటిపాప కూడా లైటు వేస్తే కదలదు. చూసినవాళ్ళు మెదడు పోయిందనుకుంటారు. కానీ లోపల మనిషికి స్పృహ ఉండొచ్చు, మాటలన్నీ వినిపిస్తూ ఉండొచ్చు. ట్యూబు తీసి, గొంతు పెగిలాక నాన్న అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, "గాజుల చప్పుడు వచ్చిందే, ఆ అమ్మాయి ఎవర్రా?"

(ఇంకొకటి కూడా విన్నాడు. "ఇక లాభం లేదు, ఊళ్ళో కబురు పెట్టేయండి" అని మంచం పక్కనే నిలబడి అన్న బంధువు గొంతు. పేరు నేను రాయను. నాన్న స్వయంగా మాట్లాడతానన్నాడు.)

వెంటిలేటర్ దొరికి నాన్నని ఐసీయూలోకి మార్చే హడావిడిలో ఆవిడ పేరు అడిగే సందు కూడా దొరకలేదు. తర్వాత వచ్చి చూస్తే ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఆమె భర్త కోలుకున్నాడని, వేరే వార్డుకి మార్చి ఇంటికి పంపేశారని సిస్టర్ చెప్పింది. ఆవిడ చేతిలో ఉన్నది బటన్ ఫోను. ఈ పోస్టు ఆవిడ చూడదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. ఆ రాత్రి ఆ వార్డులో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి, ఆవిడ మీకు తెలిసి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. అక్కడ ఉన్నవాళ్ళకి గుర్తు చెప్పక్కర్లేదు, ఆవిడెవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కృతజ్ఞతలు చెప్పే చోట కోపం ఎందుకంటారేమో. కానీ ఈ ఒక్కటీ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పాముకాటుకి మన దగ్గర ఉన్నది ఒకటే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ అదే పని చేస్తుంది. ఏ పామో తెలియనవసరం లేదు, చంపి సంచిలో వేసుకుని తీసుకెళ్ళనవసరం లేదు. పొడి రూపంలో వచ్చే మందుకి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే మొదట చేరిన చోటే మొదటి డోసు ఇచ్చి, తర్వాతే పెద్దాసుపత్రికి పంపాలన్నది దేశంలో అమల్లో ఉన్న వైద్య పద్ధతి. ఇవన్నీ నేను ఐసీయూ బయట మెట్ల మీద కూర్చుని ఫోన్లో చదువుకున్నాను, డాక్టర్లని అడిగి ఖాయం చేసుకున్నాను. ముఖ్యంగా కట్లపాము విషయంలో గంటలకి చాలా విలువ ఉంది. విషం నరాల చివర్లని దెబ్బతీశాక ఎంత మందు ఎక్కించినా ఆ దెబ్బ వెనక్కి రాదు. నరం తనంతట తాను బాగుపడేదాకా ఊపిరి అందిస్తూ కూర్చోవడమే. మాకు పోయినవి ఆ మొదటి గంటలే.

ఆ సిస్టర్‌ని నేను తప్పు పట్టను. ఆ మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారు, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోతుంది, వెంటనే అడ్రినలిన్ ఇవ్వాలి. రాత్రిపూట డాక్టరు లేకుండా, తోడు మనిషి లేకుండా ఆవిడ ఎలా సాహసిస్తుంది? ఏదైనా అయితే ఆవిడ మీదే పడతారు. నా కోపమంతా ఆవిడని అలా ఒంటరిగా కూర్చోబెట్టిన వాళ్ళ మీద. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అని లెక్క. అంతమందిలో రాత్రిపూట ఎవరికీ ఏమీ కాదని ఎవరనుకున్నారో! పాములకి ఓపీ టైమింగులు ఉండవు. కట్లపాము అయితే తిరిగేదే రాత్రి.

మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఎక్కువ మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే, వాటిలో తెలంగాణతో కలిపిన ఆంధ్ర కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2030కల్లా మరణాలు సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక కూడా విడుదల చేసింది. ప్లాన్ చదివాను, బాగుంది. మా కల్వర్టుకి కూడా ప్లాన్ ఉంది, ఎస్టిమేటు కూడా వేశారట.

పెద్దాసుపత్రి వాళ్ళని ఒక్క మాట అనను. బయట ప్రైవేటులో ఇన్ని రోజులు ఐసీయూ అంటే మేం పొలం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇక్కడ ప్రాణం నిలబెట్టారు. కానీ వెంటిలేటర్ లేక, మనిషి చేతుల మీద ఊపిరి నడిచిందంటే, ఆ చేతులు దొరకడం మా అదృష్టం. పక్క మంచం మీద ఎవరూ లేకపోతే? తోడు ఒక్కరే వచ్చిన వాళ్ళు చేతులు పడిపోతే ఎవరికి ఇస్తారు బ్యాగ్? ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

సరే. రాయడం మొదలుపెట్టాక ఒక్కొక్కరూ గుర్తొస్తున్నారు.

ఆటో తోలిన కుర్రాడు. తెల్లవారకముందే ఒక్క పిలుపుకి లేచి వచ్చాడు, చొక్కా కూడా తగిలించుకోలేదు. కిరాయి ఇవ్వబోతే నాన్న లేచాక ఆయన చేత్తోనే తీసుకుంటానన్నాడు. ఇవాళ వచ్చాడు, నాన్న ఇచ్చాడు, సగం తిరిగి ఇచ్చేశాడు.

ఆ మధ్య ఆసుపత్రి కుర్ర డాక్టరు. మీ పేరు చీటీ మీద సంతకంలో అర్థం కాలేదు సార్. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి పేషెంట్ ఎలా ఉన్నాడని అడిగారు, రిఫర్ చేసి పంపిన కేసు గురించి అలా ఎవరడుగుతారు?

ఐసీయూలో నాన్నకి గొంతులో తెమడ తీసిన సిస్టర్లు, ఒళ్ళు పుండ్లు పడకుండా రాత్రింబవళ్ళు అటూ ఇటూ తిప్పిన వార్డు బాయ్‌లు. లోపలికి వదలకపోయినా, తలుపు సందులోంచి "బాగానే ఉన్నాడు" అని చెప్పి వెళ్ళిన సెక్యూరిటీ ఆయన.

ఇంకొకరు. తమిళనాడులో ఇరులర్ అనే గిరిజనులు ఉన్నారు. 1978లో సహకార సంఘం పెట్టుకుని పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారట. మన దేశంలో ఈ మందు తయారీకి చాలా మటుకు విషం అక్కడి నుంచే వస్తుందని డాక్టరు చెబితే తెలిసింది. వాళ్ళకీ దండాలు. ఆ గుర్రాలకి కూడా.

పోస్టు చేశాక మళ్ళీ వచ్చి కలుపుతున్నాను: ల్యాబు రిపోర్టులు నాకంటే ముందే తెచ్చి పెట్టిన పక్క బెడ్డు కుర్రాడు, దారిలో అంబులెన్స్‌కి పక్కకి తప్పుకుని వెనక బండ్లని కూడా ఆపిన లారీ డ్రైవరు. ఐసీయూ బయట ఫోన్ చార్జర్ ఇచ్చిన తమ్ముడూ, నీ చార్జర్ నా సంచిలోనే వచ్చేసింది, అడ్రసు చెప్పు, పంపిస్తాను.