కల అని తెలిసి కన్న కల

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో కలల మీద మీరు వేసిన వ్యాసం ప్రతి కలా అణచుకున్న కోరికేనన్న మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ మాట దగ్గరే ఆగిపోయింది. అది చదివి మా అమ్మాయి, "అమ్మా, నీ కలలో ఏ కోరిక దాచుకున్నావు?" అని అడిగింది. ఆ ప్రశ్నే ఈ ఉత్తరం రాయిస్తోంది.

ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని. కలల్లోనూ అవే వస్తాయి. ఒక రాత్రి కలలో దిద్దుతున్న పేజీలో 'వర్షం' అన్న మాట చూశాను. మళ్లీ చూస్తే 'హర్షం' అయింది. మూడోసారి చూస్తే అక్కడ అక్షరాలే లేవు. అచ్చుతప్పు ఎంత మొండిదో నాకు తెలుసు. మనం దిద్దేదాకా అది కదలదు. 'అయితే ఇది కల' అనుకున్నాను. మెలకువ రాలేదు. కలం పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి నడిచి, కావాలనే చాలాసేపు ఆకాశం చూశాను. ఇలా కల అని తెలిసి కనే కలనే లూసిడ్ డ్రీమ్ అంటారు.

'ఇది కలే కదా' అన్న ఆలోచన కలలో వస్తే, నిద్ర చెడకుండా మనసు చెప్పుకునే ఊరడింపు అన్నాడు ఫ్రాయిడ్. నాకు అప్పుడు ఊరడింపుతో పని లేదు, భయమే లేదు కనుక. మారిన అక్షరాన్ని పట్టుకున్నాను, అంతే.

1977లో మెదడు పరిశోధకులు హాబ్సన్, మెకార్లీ చెప్పిన సిద్ధాంతం నాకు ఇంతకన్నా దగ్గరగా తోస్తుంది. మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలను పైమెదడు కథగా అల్లుకుంటుందని వారి వాదన. ఎదురుగా నిజమైన కాగితం లేదు కాబట్టి చూసిన ప్రతిసారీ మాటను కొత్తగా కల్పించుకోవాలి. మారకుండా ఎలా ఉంటుంది? మరి ఆ మార్పును గమనించింది ఎవరు? కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశను రెమ్ అంటారు. ఆ రెమ్ నిద్రలో తప్పొప్పులు చూసే నుదుటి వైపు మెదడు మందగిస్తుంది. లూసిడ్ డ్రీమ్‌లో అది కొంత మేల్కొంటుందని 2009లో హాబ్సన్ కూడా పాల్గొన్న అధ్యయనం సూచించింది. పరీక్షించింది కొద్దిమందినే కనుక అదే తుది మాట అనను.

కానీ 1975లో ఇంగ్లండ్‌లో పరిశోధకుడు కీత్ హెర్న్ చేసిన ప్రయోగాన్ని వదిలేయడం తగదు. రెమ్ నిద్రలో ఒళ్లు కదలదు, కళ్లు కదులుతాయి. నిద్రపోతున్న మనిషి ముందే అనుకున్న ప్రకారం కళ్లను కుడిఎడమలకు తిప్పి, కల లోపలి నుంచి కబురు పంపాడు. ఆ కంటి కదలికలను యంత్రం గీతలుగా నమోదు చేసింది.

వచ్చే ఆదివారం ఈ ప్రయోగం గురించి రెండు పేరాలైనా వేయండి. మా అమ్మాయికి చూపిస్తాను.

— ఒక విశ్రాంత ప్రూఫ్‌రీడర్