పాటని పాటలా విననివ్వండి

సంపాదకులకు నమస్కారం,

టీవీలో పాటల పోటీలు చూసేవాళ్ళకి వేరే పనేం ఉండదు, అవన్నీ ఏడుపులూ ఎలిమినేషన్ల గోలే కదా అని చాలామంది అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే నేను ఏళ్ళ తరబడి ఇవి వదలకుండా చూస్తున్నాను, సంగీతం గురించి నాకు తెలిసిన ఆ నాలుగు ముక్కలూ అక్కడ నేర్చుకున్నవే.

మా అమ్మ సంగతి చెప్తాను. ఆవిడ ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు, కానీ పాడేవాళ్ళు స్టేజీ మీదకి రాగానే చేతిలో పని పక్కన పెట్టేసి మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుంటుంది. ఓసారి ఒక చిన్న పాప పల్లవి ఎంత బాగా ఎత్తుకుందో చెప్పలేను, తీరా చరణంలో పైకి వెళ్ళే చోటికి వచ్చేసరికి అమ్మ వేళ్ళు టక్కున ఆగిపోయాయి, "అయ్యో, ఊపిరి చాల్లేదే దానికి, అందుకే జారింది" అంది. పాట అయ్యాక జడ్జి గారు కూడా అచ్చం అదే చెప్పారు, ముందు లైను చివర ఒక్క క్షణం ఊపిరి తీసుకుని ఉంటే ఆ పై స్వరం నిలబడేదమ్మా అని. అప్పుడు అమ్మ మొహంలో కనిపించిన సంతోషం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. చూస్తూ చూస్తూనే ఆవిడ చెవి అంత తయారైంది మరి.

మన తెలుగువాళ్ళకి ఈ చెవి ఇచ్చింది బాలు గారే అని నేను గట్టిగా నమ్ముతాను. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పటి నుంచి ఆయన మార్కులు వేసి ఊరుకోలేదు, ఆ పాట రాసిందెవరు, ఆ బాణీలో గొప్పతనం ఏంటి, ఏ అక్షరం ఒత్తి పలకాలి, ఏది తేలిగ్గా వదిలెయ్యాలి, అన్నీ ఓపిగ్గా విడమరిచి చెప్పేవారు, పాడే పిల్లలకి చెప్తున్నట్టే ఉండేది కానీ ఇంట్లో కూర్చున్న మనం కూడా ఆ క్లాసులో ఉన్నట్టే. 2020 సెప్టెంబర్ 25న ఆయన వెళ్ళిపోయారు, అయినా ఇప్పటికీ ఎవరైనా "శ"ని "స"లా పలికితే నా చెవికి గుచ్చుకుంటుంది, అది ఆయన పెట్టిన అలవాటే.

ఇంకో విషయం, రికార్డింగ్ స్టూడియోలో అయితే ఒక్కో లైను పదిసార్లు పాడి బాగున్న ముక్కలు కలుపుకోవచ్చు, మనకి చేరేది ఆ నున్నటి పాటే. పోటీలో అలా కుదరదు, మైకు పట్టుకున్న చెయ్యి వణకడం కనిపిస్తుంది, గొంతు తడారిపోవడం వినిపిస్తుంది, ఆ భయంలోంచే పాట పైకి లేస్తుంటే మనకి తెలీకుండానే మనమూ ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. నాకైతే ఈ పోటీల్లో అసలు రుచి అదే. 2009లో బ్రిటన్ పోటీలో సుసాన్ బాయిల్ స్టేజీ ఎక్కినప్పుడు ఆవిడకి 47 ఏళ్ళు, ఆవిడని చూసి ముందు నవ్వినవాళ్ళే పాట మొదలైన కాసేపటికే లేచి చప్పట్లు కొట్టారు. మనిషిని చూసి గొంతు ఎలా ఉంటుందో ఊహించేసుకోవడం మనకీ ఉంది కాబట్టే ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా కళ్ళు చెమరుస్తాయి. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ది వాయిస్ అనే పాటల పోటీలో ఆడిషన్ అప్పుడు జడ్జీలని వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం కూడా అందుకే, ముందు గొంతు వినండి, తర్వాతే మనిషిని చూడండి అని.

ఓడిపోయారని పిల్లలు కుమిలిపోతుంటే మాత్రం చూడలేను. వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పాలనిపిస్తుంది, జెన్నిఫర్ హడ్సన్ 2004లో అమెరికన్ ఐడల్‌లో ఏడో స్థానంలో వెనక్కి వచ్చేసింది, 2007లో ఆస్కార్ అందుకుంది. మన అరిజిత్ సింగ్ కూడా 2005లో ఫేమ్ గురుకుల్ అనే హిందీ పాటల పోటీలో గెలవలేదు, ఈరోజు ఆయన పాట వినని ఇల్లు ఎక్కడుంది?

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య ఛానెళ్ళు ఆ పాటనే సరిగ్గా విననివ్వట్లేదు. పాడకముందు పది నిమిషాలు ఇంటి కష్టాలు, పాట మధ్యలో జడ్జీల మొహాలు మూడు వైపుల నుంచి స్లో మోషన్‌లో, సంగతి వేసే చోట, అంటే ఒకే లైనుని కొత్త మలుపు తిప్పి పాడే చోట, చప్పట్ల మోత. కష్టపడి వచ్చినవాళ్ళ కథ చెప్పొద్దని నేను అనట్లేదు, చెప్పండి, కానీ పల్లవి నుంచి చివరి చరణం దాకా కెమెరాని ఆ పాడేవాళ్ళ మీదే ఉంచండి, జడ్జీలు తప్పు చెప్పే మాటలు ఎడిటింగ్‌లో తీసెయ్యకండి, మాకు అవే కావాలి. మీ పేపర్‌లో సినిమా పేజీ చూసుకునేవాళ్ళయినా ఈ మాట ఆ ఛానెళ్ళ దాకా తీసుకెళ్తే మేలు చేసినవాళ్ళవుతారు.

పోయిన వారం ఒక అబ్బాయి ఆలాపన అందుకుని పైకి, ఇంకా పైకి వెళ్తున్నాడు, అమ్మ వేళ్ళు మోకాలి మీద గాల్లోనే ఆగాయి, సరిగ్గా అక్కడ కట్ చేసి యాడ్ వేశారు. తిరిగి వచ్చేసరికి పాట అయిపోయింది, అందరూ లేచి నిలబడి ఉన్నారు. "ఇంతకీ ఆ స్వరం అందుకున్నాడా లేదా?" అని అమ్మ నన్ను అడిగింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు